నేను పెట్టిన ప్రార్థన మనవి

మా విడాకులు అయిన ఏడాది, పాప పోషణకు నేను నెలనెలా డబ్బు ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఆ డబ్బు కౌంటీ ఆఫీసు, అంటే ఇక్కడి జిల్లా ప్రభుత్వ ఆఫీసు, వసూలు చేసిపెట్టాలా, అక్కర్లేదా అని పాప తల్లికి ఒక ఫారం వచ్చింది. కావాలంటే నా జీతంలోంచే కోస్తారు. నేను పనిచేసే చోట తెలిసిపోతుందని భయపడ్డాను.

పార్సిప్పనీలో శనివారాలు ఎవరో ఒకరి అపార్ట్‌మెంట్‌లో తెలుగు ప్రార్థన కూటం జరిగేది. ఆమె కూడా వచ్చేది, నేనూ వెళ్లేవాణ్ణి. ఆ వారం ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి, "మా కుటుంబ విషయం గవర్నమెంట్ చేతుల్లోకి వెళ్లకుండా ప్రార్థించండి" అన్నాను. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆమె తల వంచుకుని పాప జడ బిగిస్తోంది.

భోజనాల దగ్గర ఆ ఇంటి పెద్దావిడ ఆమె పక్కన చేరింది.

"విశ్వాసులం, మన మధ్య కౌంటీ వాళ్లెందుకమ్మా? అతను మాటిచ్చాడు కదా, అక్కర్లేదని సైన్ చేసెయ్."

"మాటివ్వలేదక్కా. మీ అందరినీ ప్రార్థన చెయ్యమన్నారు, అంతే."

"దేవుడి ముందు అడిగాడంటే ఇచ్చినట్టే."

ఆమె నా వైపు తిరిగింది. "ఇస్తారా?"

"నువ్వు ఫోన్ చేసి అడిగే పని కూడా ఉండదు" అన్నాను.

ఆమె బ్యాగ్‌లోంచి ఆ ఫారం తీసి, 'అక్కర్లేదు' దగ్గర టిక్ పెట్టి సంతకం చేసింది.

మూడు నెలలు ఇచ్చాను. తర్వాత కారు మార్చాను, ఇవ్వడం మానేశాను. ఆమె ఫోన్లు మోగుతుంటే వింటూ కూర్చునేవాణ్ణి. బేబీసిట్టర్‌ని పెట్టుకోలేక, స్కూల్ అయ్యాక పాపను తను పనిచేసే ఫ్యాక్టరీ పార్కింగ్‌లో, కారులోనే ఉంచుతోందని పెద్దావిడే చెప్పింది. చెబుతూ ఏడ్చింది. పాప తల్లి చివరికి, డబ్బు వసూలు చెయ్యమని కౌంటీకి అప్లై చేసిందని కూడా చెప్పింది. నాకు గుర్తుండిపోయింది ఆ రెండోదే. అంత పని చేసిందా అని కోపం వచ్చింది.

జనవరిలో ఒకరోజు ఆ పార్కింగ్‌కి వెళ్లాను. వెనక సీట్లో పాప, కోటు మీద తల్లి కోటు కప్పుకుని ఉంది. అద్దం మీద తట్టాను.

"మమ్మీ ఎవ్వరికీ ఓపెన్ చెయ్యొద్దంది" అంది లోపల్నుంచి.

"నేను డాడీని, నాన్నా."

"ఐ నో" అంది. తలుపు తీయలేదు.

వాళ్లమ్మ షిఫ్ట్ అయ్యేదాకా కూడా అక్కడ ఆగకుండా వచ్చేశాను. ఇంటికి వచ్చి ఒక్క చెక్కు రాస్తే సరిపోయేది. కౌంటీ వాళ్లే వచ్చి వసూలు చేసుకోనీ అనుకున్నాను. వాళ్లు నా జీతం కోయడం మొదలుపెట్టేసరికి చలికాలం అయిపోయింది.