గంజి పెట్టిన బ్యానర్

ఆ రోజుల్లో నాకు అరవై రెండేళ్ళు, కానీ ఈ కంగారూల దేశంలో నా వయసు ఆరు నెలలే. టూంగాబీ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంటికి వచ్చి, మాట్లాడటం, రోడ్డు దాటడం, కుళాయి తిప్పడం అన్నీ మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటున్న చిన్నతనం అది. చిన్నతనమన్నాక తుంటరి పనులూ ఉంటాయి కదా. నేను చేసింది ఒక్కటే, కానీ దిట్టంగా చేశాను. (చదివింది మూడో తరగతి. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి. కాగితానికి రెండువైపులా రాస్తున్నాను, అది మాత్రం తప్పు కాదు.)

మా పక్కింట్లో ఎనభై దాటిన యూదు ఆవిడ ఒక్కతే ఉండేది. ఎండైనా వానైనా నెత్తిమీద టోపీ తీయదని మా మనవరాలు ఆవిడకు టోపీ మామ్మ అని పేరు పెట్టింది. ఆవిడ పెట్టుకున్న పనులు రెండు. యూదులన్న ఒక్క కారణానికి మనుషుల్ని అసహ్యించుకోవడం తగదని అందరికీ చెప్పడం ఒకటి. భార్యను కొట్టకపోయినా గుప్పిట్లో బిగించి ఉంచితే అదీ నేరమేనని చట్టం తెమ్మని సంతకాలు పోగుచేయడం రెండోది. చేతికర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగేది. కొందరు మొహం మీదే తలుపు వేసేవారు. ఆవిడ ఆ మూసిన తలుపుకు కూడా థాంక్యూ చెప్పి పక్క గడపకు నడిచేది. చూస్తే నాకు ముచ్చటేసేది (పైకి చెప్పలేదు, పొగడ్తల్లో కూడా నాకు పొదుపే).

ఆ డిసెంబరులో (ఇక్కడ అది నడివేసవి) ఎవరో ఆవిడ గోడ మీద నల్ల రంగుతో రోత మాటలు రాసి పోయారు. ఆవిడ బ్రష్షుతో, నేను కొబ్బరిపీచుతో నాలుగు రోజులు రుద్దాం. మరక పూర్తిగా పోలేదు. ఆ ఆదివారమే ఆవిడా, తోటి ఆడవాళ్ళూ ఎంపీ ఆఫీసు దాకా నడవాలనుకున్నారు. గోడ సంగతి విని సగంమంది జంకారట. ఆ నడకలో పట్టుకోవాల్సిన గుడ్డ బ్యానర్ తన ఇంట్లో ఉంటే దాన్నీ పాడుచేస్తారేమోనని మా గ్యారేజీలో దాచమని ఇచ్చింది. మా ఇల్లు భద్రమని ఆవిడ నమ్మకం.

శుక్రవారం ఎండ పెళపెళలాడుతోంది. అలాంటి ఎండ వృథా పోతుంటే నాకు నిద్ర పట్టదు. సగ్గుబియ్యం జావ కాచి, వడియాలకు నూలుగుడ్డ కోసం వెతికాను. మా అమ్మాయి దుప్పట్లన్నీ నాలుగు మూలలా ఎలాస్టిక్ కుట్టినవి, ఎటు పరిచినా ముడుచుకుపోతాయి. గ్యారేజీలో చూస్తే ఆరు గజాల తెల్లటి నూలుగుడ్డ. ఒకవైపే రాతలు. రెండోవైపు ఊరికే పడి ఉంది. ముందువైపు వాళ్ళది, వెనకవైపు నాది అనుకుని, రాతలు కిందికి వచ్చేలా గడ్డి మీద పరిచి వరసగా వడియాలు పెట్టాను. సాయంత్రానికి గలగలమంటూ ఎండాయి. వడియాలు ఒలవాలంటే గుడ్డ వెనక నీళ్ళు చిలకరించాలి కదా. తిరగేసి చిలకరించాను. నా వెనకవైపంటే వాళ్ళ ముందువైపేనని నీళ్ళు పడ్డాక తట్టింది. అక్షరాలన్నీ నీలంగా కరిగి వడియాల్లోకి దిగాయి.

మా అమ్మాయి ఆఫీసు కాల్ మధ్యలో బయటికొచ్చి చూసింది. "అమ్మా, అది సండే వాక్ బ్యానర్. దాని మీద వడియాలు పెట్టావా?"

"వెనకవైపేనే," అన్నాను.

తడిగుడ్డ మోసుకుని ఇద్దరం పక్కింటికి వెళ్ళాం. టోపీ మామ్మ గుడ్డ విప్పి చూసింది, తలెత్తి గోడ చూసింది, ఇంగ్లీషులో ఏదో అని పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. "వాళ్ళ రాత నాలుగు రోజులు రుద్దినా పోలేదు, మన రాత గ్లాసుడు నీళ్ళకే పోయింది. వాళ్ళు కొన్న రంగే మనమూ కొనాల్సింది, అంటోంది."

నవ్వు ఆగాక ఆవిడ సూర్యుడి వైపు చూసింది. శుక్రవారం పొద్దుగూకిందంటే శనివారం చుక్కలు పొడిచేదాకా ఆవిడ కలం ముట్టదు, రంగు ముట్టదు, తన కోసం చెయ్యమని ఎవర్నీ అడగదు కూడా. వాళ్ళ మతంలో అది ఏ పనీ ముట్టని విశ్రాంతి దినం, తోటి ఆడవాళ్ళదీ అదే నియమం. మడి కట్టే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఆ మాట రెండోసారి చెప్పక్కర్లేదు. మీరు అడగొద్దు, నేనే రాస్తాను అన్నాను. ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాని నా వంక మా అమ్మాయి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

శనివారం పొద్దున్నే గ్యారేజీలో మిగిలి ఉన్న తలుపుల రంగు డబ్బా తీశాను. అమ్మాయి కాగితం మీద రాసిచ్చింది. నేను సుద్దతో గుడ్డ మీద చుక్కలు పెట్టి, ముగ్గు కలిపినట్టు ఒక్కో అక్షరం కలిపాను. అలా కలుపుతున్నదేమిటో తెలియాలి కదా అని అర్థం అడిగాను. "పొరుగువారిని ద్వేషిస్తే ఊరుకోం" అని పై వరస. "కొట్టకపోయినా కట్టిపడేస్తే నేరమే" అని కింది వరస.

కింది వరస దగ్గర నా కుంచె ఆగింది. మా ఆయన ఏనాడూ నా మీద చెయ్యెత్తలేదు. మంచిమనిషని ఊరంతా అనేది, నేనూ అనేదాన్ని. వీధి తలుపు తాళంచెవి మాత్రం ఆయన మొలతాడుకే ఉండేది. కొట్టు కట్టేసి ఆయన వచ్చేదాకా నేను లోపలే.

"ఏంటమ్మా, ఆగిపోయావ్?" అంది అమ్మాయి.

"ఏం లేదు, చుక్క తప్పింది," అన్నాను. ఆ వరసకు మాత్రం రెండు పూతలు వేశాను. (రంగు దండగని తెలిసే వేశాను.)

ఆదివారం గాలి విసిరికొట్టింది. గుడ్డ మాత్రం వంగలేదు. జావ పట్టిన గుడ్డ గంజి పెట్టిన పంచెలా బిర్రుగా నిలబడింది. నా పనికి కాపలాగా వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొద్దామనుకున్నాను. టోపీ మామ్మ ఏమీ అడక్కుండా ఒక కొస నా చేతిలో పెట్టింది. పదిమందైనా వస్తారా అని భయపడ్డాం. వెనక్కి తిరిగి చూస్తే మలుపు దాకా మనుషులే. ఎవరో ఒకమ్మాయి బ్యానర్ అంత నిటారుగా ఎలా ఉందని అడిగితే, టోపీ మామ్మ చేతికర్రతో నన్ను చూపించి, అది ఈమె వంటింటి రహస్యం అందట.

చట్టం తరవాతెప్పుడో వచ్చింది. గోడ మీద మరక ఇంకా లీలగా ఉంది, ఆవిడా ఇంకా గడప గడపకూ తిరుగుతూనే ఉంది. ఆ నీలం వడియాలు పారేశాను. నా జన్మలో నేను పారేసిన తిండి అదొక్కటే. ఇప్పుడు ఈ ఇంటి తాళంచెవి నా కొంగుముడిలో ఉంటుంది. పనేమీ లేకపోయినా రోజుకోసారి వీధి తలుపు తీసి, బయటినుంచి నేనే తాళం వేసి, పక్కింటి గేటు దాకా వెళ్ళి వస్తాను. చూసినవాళ్ళు ముసలమ్మకు చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.