మాది బొమ్మ గీయడమే

నిన్న నిడదవోలు దగ్గర ఒక బడిలో సైన్సు గది తాళం తీయించాను. స్పిరిటు, చెదలు పట్టిన బీరువా కలిసిన వాసన తగలగానే కామేశ్వరిగారు గుర్తొచ్చారు. పదో తరగతి దాటాక ఆడపిల్లలు లెక్కలూ సైన్సూ ఎందుకు వదిలేస్తున్నారో తెలుసుకోవడం ఆవిడ పని. తొంభైల చివర్లో రాజమండ్రిలో ఆవిడ దగ్గర సర్వేకు చేరాను. ఇప్పటికీ అదే పని చేస్తున్నాను. బడులు మారాయి గాని జవాబులు మారలేదు.

మొదటిసారి ఉప్పాడ వెళ్ళి ఒక్క పూటలో ఫారాలన్నీ నింపుకొచ్చాను. కారణం అన్న గడిలో అందరికీ ‘ఆసక్తి లేదు’ అని రాశాను. మెచ్చుకుంటారనుకున్నాను, నా మొహం.

“ఇదేంటమ్మా, ఊరంతటికీ ఒకటే జబ్బా?” అన్నారావిడ.

“వాళ్ళే ఇష్టం లేదన్నారండి.”

“అన్నారు సరే. ప్రాక్టికల్స్‌లో వాళ్ళెక్కడ నిలబడతారో చూశావా?”

చూడలేదు. మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. ఉప్పాడ బడి సైన్సు గదిలో మగపిల్లలు బల్ల చుట్టూ మూగి, తీగ మందం కొలిచే స్క్రూగేజి తిప్పుతున్నారు. ఆడపిల్లలు వెనక గోడవార కూర్చుని రికార్డులు రాస్తున్నారు. నూకరత్నం అనే పిల్ల గీసిన స్క్రూగేజి బొమ్మ అచ్చేసినట్టుంది.

“దీన్నెప్పుడైనా పట్టుకున్నావా?” అని ఆ పిల్లను అడిగారు కామేశ్వరిగారు.

“లేదండి. మాది బొమ్మ గీయడమేనండి. ఆళ్ళ రికార్డులు కూడా మేమే రాత్తామండి.”

నాకు సిగ్గేసింది. డిగ్రీలో ముగ్గురు మగపిల్లల రికార్డులు నేనూ రాసిపెట్టాను, అదో గొప్పనుకుని. ఆవిడ స్క్రూగేజి తెప్పించి నూకరత్నం చేతిలో పెట్టారు. గంట కొట్టినా ఆ పిల్ల దాన్ని కింద పెట్టలేదు. ఫారాలన్నీ మళ్ళీ రాశాం. అయినా ఆ ఏడాది నూకరత్నం ఇంటర్‌లో చేరలేదు.

పదేళ్ళ తర్వాత నేనే ఒక నివేదిక రాశాను. పైవాళ్ళకు ‘ఆసక్తి లోపం’ అన్న మాటే కావాలి. వాదించి వాదించి, విసుగొచ్చి చివరికి ఆ మాటే రాసేశాను. రిటైరై సామర్లకోటలో ఉంటున్న కామేశ్వరిగారికి ఒక ప్రతి పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ చివరిదాకా ఓపిగ్గా చదివారు.

“ఇందులో ఒక్క పిల్లా మాట్లాడలేదేంటమ్మా?”

“అలిసిపోయానండి.”

“నేనూ అలిసిపోయాను. కానీ ‘ఆసక్తి లోపం’ అని మాత్రం రాయలేదు” అన్నారు.

తిట్టినా బాగుండేది. నివేదిక అప్పటికే అచ్చయిపోయింది, దిద్దడానికి వీల్లేదు. ఆవిడ కూడా ఇప్పుడు లేరు.

నిన్నటి బడిలో ఒక అమ్మాయి ‘ఇష్టం లేదండి’ అంది. బండి వేళయింది, మోకాళ్ళు లాగుతున్నాయి. ఫారం మూసేసి వెళ్ళిపోవాలనే ఉంది. కలం పక్కన పెట్టి, బెంచీ మీద ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. “ప్రాక్టికల్స్‌లో నువ్వెక్కడ నిలబడతావమ్మా?” అని అడిగితే, వెనక గోడవైపు చూపించి మెల్లిగా చెప్పడం మొదలుపెట్టింది.