ముగియని ఆటలో ఈల మాస్టారు

ఊళ్ళో దర్జీలు బోలెడుమంది. ఫుట్‌బాల్ మైదానంలో మాట చెల్లే దర్జీ మాత్రం ఒక్కరే. రెఫరీగా ఇరవై ఎనిమిదేళ్ళు, ఆరువందల పన్నెండు ఆటలు, వాటిలో నాలుగు జిల్లా ఫైనళ్ళు! ఒక్కదానికీ ఆలస్యంగా వెళ్ళలేదు. అందుకే ఆయన్ని అందరూ ఈల మాస్టారు అంటారు.

అంతటి మాస్టారి చెంప కిందటేడు ఛెళ్ళుమంది. పెనాల్టీ ఇచ్చారన్న కోపంతో ఓ కోచ్ తన జట్టును బయటికి పిలిచి, తాను లోపలికొచ్చి కొట్టాడు. ఈల ఎగిరి ఎక్కడో గడ్డిలో పడింది. మాస్టారు ముందు ఎర్రకార్డు చూపించారు. తర్వాత "ఎనభై ఎనిమిదో నిమిషం, ఎడమ చెంప" అని పుస్తకంలో రాసుకున్నారు. ఆ తర్వాతే బుగ్గ తడుముకున్నారు.

"ఇన్నాళ్ళూ తిట్లు తిన్నారు, ఊరుకున్నాను. వాడికి శిక్ష పడితే సరే. లేదంటే మైదానం మాట ఎత్తకండి," అంది భార్య.

విధుల్లో ఉన్న రెఫరీ మీద చేయి చేసుకుంటే జైలేనని అప్పుడే కొత్త చట్టం వచ్చింది. దాని కింద మొదటి ఫిర్యాదు మాస్టారిదే.

కోచ్ తరఫు వకీలు గట్టివాడు. "జట్టు వెళ్ళిపోయాక ఇంక ఆటెక్కడిదండీ? అప్పుడీయన రెఫరీ కాదు, ఉత్త దర్జీ!"

మేజిస్ట్రేటమ్మ మాస్టారి వైపు తిరిగింది.

"ఆట ముగిసిందా మాస్టారూ?"

"లేదమ్మా. చివరి ఈల ఊదితేనే ముగిసినట్టు. ఈల దొరకలేదు, ఊదలేదు. ఇంకా రెండు నిమిషాలుంది."

"అయితే పది నెలలుగా నడుస్తూనే ఉందా?"

"అవునమ్మా. నేనింకా డ్యూటీలోనే ఉన్నాను."

కోర్టంతా గొల్లుమంది. కోచ్ కూడా నవ్వేశాడు. నిబంధనల పుస్తకం తెప్పించి చూస్తే అక్షరాలా అలాగే ఉంది. కోచ్‌కు నెల రోజుల జైలు పడింది.

మెట్లు దిగుతూ భార్య అడిగింది. "ఆ రెండు నిమిషాలూ ఎప్పుడు ఆడిస్తారు?"

"నువ్వు ఊఁ అంటే ఆదివారం."

"అనక చస్తానా! మా ఆయన ఆట మధ్యలో వదిలేశాడని నలుగురికీ చెప్పుకోనా?"

ఆదివారం ఊరు ఊరంతా మైదానంలోనే ఉంది. ఇంత రభస చేసిన ఆ పెనాల్టీ కాస్తా గోలు కొయ్య మీదుగా ఎటో ఎగిరిపోయింది. జనంలోంచి ఓ గొంతు ఖంగుమంది.

"ఏమండీ, అసలది పెనాల్టీయేనా?"

మాస్టారు అటు తిరిగి, భార్యకు పసుపు కార్డు చూపించారు.