అప్పలస్వామి తాత అడిగిన ఒక్క ఇటాలియన్ వాక్యం

ఈసారి కలకత్తా వెళ్ళింది ఊరు చూడడానికి కాదు, ఒకరికి ముఖం చూపించడానికి. నేను ఇంగ్లీషు, ఇటాలియన్ భాషల మధ్య అనువాదాలు చేసి బతుకుతాను. కిందటేడు ప్రయాణికుల కోసం రోజువారీ మాటల చిన్న పుస్తకం తయారుచేస్తూ, అక్కడి రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో అప్పలస్వామి తాత దగ్గర నలభై మాటలు రాసుకున్నాను. శ్రీకాకుళం నుంచి వచ్చి రేవులో సరుకు దించిన మనిషి. ఓడల మీది వంటవాళ్ళు చెప్పిన మాటలను ఒక నోట్‌బుక్కులో ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో ఇటాలియన్, రెండూ తెలుగు అక్షరాల్లోనే రాసుకున్నాడు. మనిషి నోట విననిదే ఏ మాటా ఆ నోట్‌బుక్కులోకి ఎక్కదు. బదులుగా ఆయన ఇటాలియన్‌లో చెప్పమని అడిగింది ఒక్క వాక్యం: "నా మనవరాల్ని జాగ్రత్తగా సూసుకోండమ్మా." మనవరాలు మౌనిక చదువుకని ఇటలీ వెళ్ళబోతోంది. అక్కడ గది అద్దెకిచ్చే ఇంటావిడతో ఆ మాట తనే చెప్పాలని ఆయన ఆశ. "మర్యాదగా ఎలా అనాలో చూసి ఫోన్ చేస్తాను తాతా" అన్నాను. చేయలేదు. పనుల మీద నెట్టడానికి కూడా సిగ్గేస్తోంది.

పుస్తకం అచ్చయ్యాక ఒక ప్రతి పట్టుకుని బయలుదేరాను. ఉదయం ఏడున్నరకు సంత్రాగాఛి స్టేషన్లో రైలు దిగాను. బస్సయితే చవకే గానీ నిలబడి వెళ్ళాలి. టాక్సీ డ్రైవరు, "వాట్‌గంజ్ లోపలికి రాను దాదా, లారీల మధ్య ఇరుక్కుంటాను" అని హిందీలో ముందే చెప్పేశాడు. మూడు వందలకు మెయిన్ రోడ్డు మీద దింపడానికి ఒప్పుకున్నాడు. వంతెన దాటి చేరేసరికి ముప్పావు గంట, అక్కడినుంచి పది నిమిషాల నడక. సందు మొదట్లో ఆగి కచోరీ, బంగాళాదుంప కూర తిన్నాను. ఆకలేసి కాదు, వెళ్ళడానికి కాళ్ళు రాక.

"వొచ్చినావా బాబూ, కూకో" అన్నాడు తాత. పుస్తకం చేతిలో పెడితే అట్ట తడిమి పక్కన పెట్టుకున్నాడు.

"మౌనిక ఏది తాతా?"

"ఎలిపోనాది. నెలయినాది. ఎల్లేముందు ఆ ఇంటావిడ ఫోన్లో అవుపించినాది. నాను దండం పెట్టి నవ్వినాను. అంతే."

"మౌనికతో చెప్పించవలసింది కదా?" అన్నాను, నా తప్పు కాస్త పలచబడుతుందేమోనని.

"దాని గురించి సెప్పే మాట దాని సేతే సెప్పించుకుంటానేటి?"

ఆయన నోట్‌బుక్కు తీసుకుని, పైకి పలుకుతూ రాశాను: సి ప్రెండా కూరా ది మియా నిపోతె, పెర్ ఫవోరె. ఆయన నా పెదాలు చూస్తూ మూడుసార్లు పలికాడు. ఒక్క అక్షరం తడబడలేదు.

"ఇప్పుడే ఫోన్ చేద్దాం తాతా, నేను మాట్లాడిస్తాను."

"వొద్దు బాబూ. పిల్ల అక్కడ అలవాటు పడిపోనాదంట. ఇప్పుడా మాటంటే, ఆవిడ సరిగ్గా సూడట్లేదని అన్నట్టుంటాది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో అక్కడ కూర్చుని తెలుసుకున్నాను. నిజానికి ఆ వాక్యాన్ని మూడు రకాలుగా చెప్పడం నాకు కిందటేడే వచ్చు. అందులో మేలైనది ఏరి ఇవ్వాలన్న గొప్పకు పోయి, ఉన్న ఒక్క అవకాశాన్నీ ఆయనకు లేకుండా చేశాను. మీకు పరాయి భాష నాలుగు ముక్కలు వస్తే, ప్రయాణంలో ఎవరైనా ఒక మాట అడిగినప్పుడు అక్కడే కూర్చుని, వచ్చినట్టుగా రాసిచ్చి లేవండి. ఒకటి రెండు తప్పులు దొర్లినా ఆ ఇంటావిడకు అర్థమయ్యేది.