మూడో అధ్యాయం కోసం సూర్ దాకా

తొంభైల మొదట్లో మా కాపురం గల్ఫ్‌లో, అల్ ఖౌద్‌లో. నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని. మా వారు రుసైల్‌లో అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో ఉండేవారు. సూర్‌లోని ఒక చేపల కంపెనీ వాళ్ళ దగ్గరే పెట్టెలు కొనేది. ఒకరోజు ఆ కంపెనీ తరఫున ఒక చీనా దుబాసీ వచ్చాడట. టీ వచ్చేలోగా సంచిలోంచి నలిగిపోయిన పుస్తకం తీసి చదువుకుంటూ కూర్చున్నాడట. ఏం పుస్తకమని మా వారు అడిగితే "తావో, తావో" అని నవ్వాడట. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మా వారు ఈ సంగతి చెప్పారు. ఆ గురువారమే సూర్ వెళ్ళాలని నేను అప్పటికప్పుడే నిశ్చయించుకున్నాను.

ఎందుకంత పట్టుదల అంటారేమో. తొలినాటి తావో ఆలోచన, చీనా తత్త్వంలో దాని స్థానం - పెళ్ళికి ముందు నేను మొదలుపెట్టిన పరిశోధన అది. పెళ్ళి, ప్రయాణం, కాపురం, ఉద్యోగం, వీటన్నిటి మధ్య ఏళ్ళు గడిచాయి. ఇక గడువు పొడిగించేది లేదని విశ్వవిద్యాలయం తేల్చి చెప్పేసింది. అయిదు అధ్యాయాలూ టైపు చేయించి పెట్టుకున్నాను. కానీ నేను చదివినవన్నీ ఇంగ్లీషు అనువాదాలే. ఒక్కొక్కటీ ఒక్కో రకంగా చెబుతుంది. మూలం చదవగలిగిన మనిషితో జీవితంలో ఒక్కసారైనా మాట్లాడలేదు. మాట్లాడకుండానే విశ్వవిద్యాలయానికి ఇచ్చేస్తే నా పేరు ముందు డాక్టర్ అని చూసుకున్నప్పుడల్లా సిగ్గుపడాల్సి వచ్చేది.

గురువారం తెల్లవారుజామున అల్ ఖౌద్ నుంచి షేర్ టాక్సీలో రువీ బస్‌స్టేషన్‌కు చేరాను. సూర్ బస్సు ఏడున్నరకు. రోజూ పొద్దున వెళ్ళే బస్సు ఇదొక్కటే, కాబట్టి వెళ్ళాలనుకునేవాళ్ళు అరగంట ముందే వెళ్ళడం మంచిది. ఆడవాళ్ళకు డ్రైవరు వెనకాల సీట్లు వదిలిపెడతారు. నా వెనక సీట్లో జగిత్యాల వైపు మనిషి, రాజన్న అనే తాపీమేస్త్రీ కూర్చున్నాడు. నా చేతిలో తెలుగు వారపత్రిక చూసి పలకరించాడు.

"ఏడికి పోతున్రు మేడమ్?"

సూర్‌కు అన్నాను. తను ఇబ్రా సైట్‌కు వెళ్తున్నానని, అక్కడ కంపెనీ బడి కడుతోందని చెప్పాడు. నేను వెళ్ళే పనేమిటని అడిగితే, ఒక చీనా ఆయనతో తత్త్వం గురించి మాట్లాడాలన్నాను. రాజన్న సీటు మీదుగా ముందుకు వంగాడు.

"తత్త్వమా? గింత దూరం పొయ్యి? ఆయ్నకు ఫోన్ లేదా?"

"ఫోన్లో తేలేది కాదు."

"అయితే పోవాల్సిందే," అని ఒప్పేసుకుని, తన డబ్బాలోంచి రెండు ఖర్జూరాలు నా చేతిలో పెట్టాడు.

బిద్‌బిద్ దగ్గర నిజ్వా రోడ్డు వదిలేసి బస్సు ఎడమకు తిరిగింది. అక్కడి నుంచి నల్లటి కొండలు, మధ్యలో ఎండిన వాగులు, వాగు ఒడ్డున ఖర్జూరపు తోటలు. ఇబ్రాలో టీ కోసం ఆగారు. రాజన్న అక్కడ దిగిపోయాడు. ఇబ్రా దాటాక ఎడారి మొదలవుతుంది. కుడివైపు ఇసుక దిబ్బలు ఎర్రగా, రోడ్డుకు సమాంతరంగా చాలా దూరం వస్తాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న చపాతీ, బంగాళదుంప కూర అక్కడే తిన్నాను. సూర్ చేరేసరికి మధ్యాహ్న ప్రార్థన వేళయింది. బస్సు దిగగానే చేపల వాసన, సముద్రపు గాలి కలిసి మొహానికి కొట్టాయి.

చేపల కంపెనీ ఆ చీనా ఆయనకు ఒక వ్యాపారి ఇంటి మేడ మీద గది ఇచ్చింది. ఆయన పేరు లిన్. అరవైకి దగ్గరగా ఉంటాడు. చిన్నప్పుడు తాతగారి దగ్గర పాత గ్రంథాలు చదివాడు. తర్వాత వాళ్ళ ప్రభుత్వం అరబ్బీ నేర్చుకోమంటే అరబ్బీ నేర్చుకున్నాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసింది మాత్రం ఆయనకు ఇంగ్లీషులో నమస్కారం, ధన్యవాదాలు, పెట్టెల కొలతలు తప్ప ఇంకేమీ రావని. నాకు వచ్చిన అరబ్బీ కూరగాయల బజారు వరకే. ఆ ఇంటి వాకిట్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన నా టైపు కాగితాలు తిరగేసి మర్యాదగా తల ఊపాడు. నేను "అయ్యో, ఇప్పుడెట్లా!" అని పైకే అనేశాను.

కాఫీ పళ్ళెం తెస్తున్న ఆడమనిషి ఠక్కున ఆగిపోయింది.

"మీరు తెలుగోళ్ళామ్మా?"

ఆమె పేరు మస్తానమ్మ. రాయచోటి దగ్గర పల్లె. ఆ ఇంట్లో అయిదేళ్ళుగా వంట చేస్తోంది, అరబ్బీ ధారాళంగా మాట్లాడుతుంది. నా అవస్థ చెప్పాను. ఆమె పెద్దావిడ దగ్గరికి, అంటే ఇంటి యజమానురాలి దగ్గరికి వెళ్ళి అడిగి వచ్చింది. గల్ఫ్ ఇళ్ళలో పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా అంటారు.

"సాయంత్రం నమాజు దాకా ఉండమనింది మామా. ఒక మాటక్కా, నాకు సదువు రాదు. తప్పు జెప్తే నన్ననాకండి."

అలా మొదలైంది. లిన్ గారి నోట అరబ్బీ, మస్తానమ్మ నోట తెలుగు. తావో మతంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట గురించి ముందు అడిగాను. దాన్ని ఇంగ్లీషువాళ్ళు చేయకపోవడం అని, నిష్క్రియ అని రాస్తారు. లిన్ చాలాసేపు ఆలోచించి అరబ్బీలో రెండే రెండు మాటలు అన్నాడు. మస్తానమ్మ జాలిగా నా వైపు తిరిగింది.

"మాఫీ శుగల్ అంటాండాడక్కా. పని లేదంట. కంపెనీవాళ్ళు తీసేసినారేమో పాపం."

నవ్వు ఆపుకోలేకపోయాను. నేనెందుకు నవ్వానో చెప్పించుకుని లిన్ కూడా నవ్వాడు. ఆ నవ్వుతో మా మధ్య బిగుసుకున్నది వదులైంది.

తర్వాతి గంటలో మాత్రం నాకు నవ్వు రాలేదు. నా మూడో అధ్యాయం మొత్తం ఒకే వాదన మీద నిలబడింది. పాత చీనాలో రాజ్యాలు ఒకదాన్నొకటి కబళిస్తున్న కాలంలో ఒక పక్క ఆచారం, కర్తవ్యం బోధించినవాళ్ళు ఉన్నారు. ఇంకో పక్క తావో వాళ్ళు లోకాన్ని వదిలి కొండల్లోకి పోయారు. మన ప్రవృత్తి, నివృత్తి లాగే అవి రెండు దారులు. నా పరిశోధన గైడుగారికి బాగా నచ్చిన వాదన ఇది. లిన్ దాన్ని మస్తానమ్మ ద్వారా విని, తల అడ్డంగా ఊపాడు.

"తావో అంటే దారి గదా, ఆ మాట అందురిదీనంట అక్కా. ఆచారమోళ్ళదీ, శిక్షలతో ఏలల్లనేటోళ్ళదీ, అందురిదీ. అందురూ నా దారే దారని కొట్లాడుకున్యారంట. వీళ్ళు వీళ్ళు ఫలానా గుంపని పేర్లు పెట్టింది శానా కాలం తర్వాతోళ్ళంట. పుస్తకాలు సర్దేటోళ్ళు."

"మరి లోకాన్ని వదిలేయమని చెప్పలేదా?"

"ఎవురికి జెప్తాండారో సూడమంటాడు. తావో వాళ్ళ పాత పుస్తకం రాజుకి జెప్తాదంట. కొండల్లో ఉండేటోనికి రాజ్యం ఎట్ల ఏలల్లో ఎందుకు జెప్తారు అంటాండాడు."

నేను ఊరుకోలేదు. ఉద్యోగం ఇస్తామన్నా కాదని పోయినవాళ్ళ కథలు, అధికారాన్ని వెక్కిరించిన కథలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే చెప్పాను. లిన్ విని, అవీ నిజమేనన్నాడు. ఒకటే గొంతు కాదు, చాలా గొంతులు, కొన్ని రాజుతో మాట్లాడతాయి, కొన్ని రాజును చూసి నవ్వుతాయి, నువ్వు ఒకదాన్నే విన్నావు అన్నాడు. అంతలో ప్రార్థన పిలుపు వినిపించింది. మస్తానమ్మ కొంగు సర్దుకుని లేచింది.

ఆ రాత్రి బస సముద్రం వైపున్న చిన్న హోటల్లో. గది శుభ్రంగానే ఉంది, ఏసీ మాత్రం లారీలా అరుస్తుంది. రిసెప్షన్ నుంచి మా వారికి ఫోన్ చేశాను.

"మూడో అధ్యాయం నిలబడేలా లేదు," అన్నాను.

"గైడుగారికి నచ్చింది కదా. అలాగే ఇచ్చెయ్యి. డిగ్రీ వచ్చాక దిద్దుకోవచ్చు."

"రేపు ఇంకా సగం రోజుంది," అని మాత్రం చెప్పి పెట్టేశాను.

శుక్రవారం పొద్దున్నే వెళ్తే మస్తానమ్మ గుమ్మంలోనే చేతులు తిప్పింది. ఆ రోజు చుట్టాలందరూ భోజనానికి వస్తున్నారు, పెద్ద దేగిసాలో మాంసం అన్నం వండాలి, ఆమెకు తల ఎత్తే తీరిక లేదు. మధ్యాహ్నం రెండున్నరకు నా బస్సు. మళ్ళీ సూర్ రావడానికి నాకు సెలవు లేదు. నేరుగా మామా దగ్గరికే వెళ్ళాను. ఆవిడ ముసలావిడ, వాకిట్లో చాప మీద కూర్చుని తస్బీహ్ పూసలు తిప్పుతోంది. నా బజారు అరబ్బీ అంతా కూడగట్టి, మస్తానమ్మతో పాటు నేనూ పనిచేస్తాను, ఉల్లిపాయలు, బియ్యం, గిన్నెలు ఏదైనా సరే, ఆమె నోరు మాత్రం నాకివ్వండి అన్నాను. ఆవిడ నా చేతుల వైపు చూసింది. తర్వాత పకపక నవ్వి కత్తి తెప్పించింది.

వంటిల్లు ఇంటి వెనక, వాకిలికి ఆనుకుని విడిగా ఉంది. మస్తానమ్మా నేనూ లోపల పీటల మీద. గుమ్మం బయట నీడలో స్టూలు వేసుకుని లిన్. మామా చాప కూడా అక్కడికే జరిగింది. బస్తాడు ఉల్లిపాయల ముందు కూర్చుని నేను నా ప్రశ్నలన్నీ అడిగాను. మస్తానమ్మ కళ్ళు తుడుచుకుంటూ అరబ్బీలో అరిచేది. లిన్ జవాబు లోపలికి వచ్చేది.

నేను ప్రకృతి అనీ సహజత్వం అనీ రాసిన మాట ఒకటుంది. దాన్ని లిన్ మూడు రకాలుగా చెప్పి చూశాడు. మస్తానమ్మ బియ్యం కడుగుతూ, "తనపాటికి తాను అంటాండాడక్కా," అంది. చెట్టు తనపాటికి తాను పెరగడం, మనిషి తనపాటికి తాను ఉండడం. సహజత్వం అంటే ఒక వస్తువులా ఉంటుంది. తనపాటికి అంటే జరుగుతున్నట్టుంటుంది. కత్తి కింద పెట్టి ఆ మాట కాగితం మీద రాసుకున్నాను. కాగితానికి ఉల్లి రసం అంటింది.

మళ్ళీ ఆ పని లేని మాట దగ్గరికి వచ్చాం. ఈసారి లిన్ తేలికగా చెప్పాలని గుమ్మం పక్కనున్న మామాను చూపించాడు. ఈ ఇల్లు చూడండి, ఈ పెద్దావిడ ఎవరినీ గదమదు, దేని మీదా పడదు, అయినా వేళకు అన్నీ జరిగిపోతాయి, మంచి రాజు అలాంటివాడు అన్నాడు. మస్తానమ్మ నాకు తెలుగులో చెబుతూ చెబుతూ సగంలో ఆపేసింది. గరిటె చేత్తో పట్టుకునే గుమ్మం వైపు తిరిగి అరబ్బీలో ఏదో గట్టిగా అంది. మామా పూసలు ఆగిపోయాయి.

"ఏమన్నావు మస్తానమ్మా?"

"మామా ఏం జెయ్యకపోతే మేం జేస్తాండాం గదా అన్న్యా. జరిగిపోతాయా? యాడ జరుగుతాయి? తెల్లార్జాము నుంచి నేను గదా జరిపిచ్చేది."

మస్తానమ్మ ముఖం పాలిపోయింది. అన్న మాట వెనక్కి తీసుకోలేక దేగిసాలోకి తల వంచింది. నా చదువు కోసం ఆమె ఉద్యోగం పోతుందేమోనని భయమేసింది. లేచి బయటకు వెళ్ళి, తప్పు నాది, నేనే అడిగాను అని మామాతో చెప్పాను. ఆవిడ నన్ను పట్టించుకోలేదు. మస్తానమ్మను పేరు పెట్టి పిలిచి, నెమ్మదిగా రెండు మాటలు అంది.

"ఏమంది?" అన్నాను.

"నిజమేలే అనింది," అంది మస్తానమ్మ, ఇంకా నమ్మకం కుదరనట్టు. "ఉప్పు సూడమనింది."

అప్పటికి లిన్ స్టూలు మీద ముందుకు వంగి కూర్చున్నాడు. ఈ ప్రశ్న చాలా పాతది, దీని మీదే పెద్ద గొడవ నడిచింది అన్నాడు. శిక్షలను నమ్మిన రాజనీతివాళ్ళు ఇదే మాట పట్టుకున్నారట. రాజు కదలకుండా కూర్చోవాలి, మంత్రులు చెమటోడ్చాలి, తప్పు వస్తే వాళ్ళ తల తీయాలి. తావో వాళ్ళ మెత్తటి మాట వాళ్ళ చేతిలో కత్తయింది. కాబట్టి తావో ఆలోచన ఎక్కడో కొండల్లో మిగిలిపోలేదు, వాదం నడిచే ఇంటి మధ్యలోనే ఉంది, ఒక్కొక్కరూ ఒక్కో పనికి వాడుకున్నారు. ఇదీ ఆయన చెప్పింది. దాని స్థానం ఏమిటని నేను ఇన్నేళ్ళుగా వెతుకుతున్న జవాబు అది. నేను దాన్ని ఊరి బయట పెట్టి వెతికాను.

ఒంటిగంటకు చుట్టాలు వచ్చారు. నాకు కూడా పళ్ళెంలో అన్నం పెట్టారు. లిన్ గారికి నమస్కారం చేస్తే ఆయన రెండు చేతులతో నా కాగితాల కట్ట తిరిగి ఇచ్చాడు. మస్తానమ్మ వీధి మలుపు దాకా వచ్చింది.

"రాస్తావా అక్కా మళ్ళా అంతా?"

"రాస్తాను."

"మంచిదిలే. నాకైతే ఈ పొద్దు ఉల్లిగడ్డలు బిరీన అయిపాయ," అని వెనక్కి తిరిగింది.

సూర్ చూడాలనుకునేవాళ్ళు పడవలు కట్టే ఒడ్డును, పాత కోటను చూడకుండా రారు. నేను రెండూ చూడలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇసుక దిబ్బలు ఈసారి ఎడమవైపు వచ్చాయి, సాయంత్రపు ఎండలో వాటి నీడలు రోడ్డు దాకా పాకాయి. సంచిలోంచి మూడో అధ్యాయం తీశాను. ముప్పై పేజీలు, శుభ్రమైన టైపు, ఒక్క అచ్చుతప్పు లేదు. అలాగే ఇచ్చేస్తే ఎవరూ తప్పు పట్టరని నాకు తెలుసు. గైడుగారికి ఏమని రాయాలో, రోజూ బడి నుంచి వచ్చాక ఎన్ని గంటలు దొరుకుతాయో లెక్క వేసుకున్నాను. చాలవు. అయినా నా మనసు తిరగలేదు. తెలియక రాసింది నిన్నటిదాకా పొరపాటు. తెలిసీ ఇస్తే అది అబద్ధం.

పేజీలు తిరగేసి, వాటి వెనక ఖాళీ వైపున మొదటి వాక్యం రాశాను: "ఏలేవాడు ఏమీ చేయకపోతే, ఆ పని చేసేది ఎవరు?" బస్సు కుదుపులకు అక్షరాలు వంకర్లు పోయాయి. వేళ్ళకు ఇంకా ఉల్లిపాయల వాసన ఉంది. రెండో వాక్యం మొదలుపెట్టాను.