కిందికి దించిన గీత

ఆ గీత చెయ్యి వణికి కిందికి జారలేదు. నేనే దించాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు, ప్రార్థనలో చెప్పలేదు, ఆఖరికి నా డైరీలో కూడా రాయలేదు. డైరీలో ఎందుకు రాయలేదో తెలియాలంటే మా పెద్దమ్మ కూతురి సంగతి తెలియాలి. గీత గీసింది ఆమె కళ్ళ మీదే, ఆమె పెళ్ళి రోజున.

అప్పట్లో మేం బెంగాల్‌లో, లిలువా రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్నా పెదనాన్నా ఇద్దరూ వర్క్‌షాపులోనే పని. మా రెండిళ్ళకీ మధ్య ఒక కుళాయి ఉండేది, అంతే దూరం. ఆమె నాకంటే మూడేళ్ళు పెద్దది కాబట్టి, మా వైపు అక్కని పిలిచినట్టు, అప్పా అని పిలిచేదాన్ని. అప్ప గుళ్ళో, అంటే మా చర్చిలో, పాటలు నడిపించేది, ఆదివారం బళ్ళో పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దించేది. ఆమె గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. నేను నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. ఎవరైనా "ఏటమ్మా, బాగున్నావా" అంటే తలూపి అమ్మ వెనక్కి జరిగేదాన్ని.

మా గుళ్ళో ఆడవాళ్ళు బొట్టు పెట్టుకోరు, కాటుకా పెట్టుకోరు. బైబిల్లో కళ్ళకి రంగు పూసుకున్నవాళ్ళ గతి ఏమయిందో పాస్టరమ్మగారు మాకు చిన్నప్పుడే చెప్పేశారు. గుడి గేటు దాటితే మాత్రం ఊరంతా కాటుక కళ్ళే. బస్సులో, బళ్ళో, చేపల బజారులో. క్లాసులో కళ్ళు బోసిగా ఉండేది నాకొక్కదానికే. అందుకే కాబోలు నాకు కళ్ళ పిచ్చి పట్టుకుంది. మనుషులు మాట్లాడుతుంటే మాటలు వినేదాన్ని కాదు, కళ్ళ తీరు ఎలా ఉందో చూసేదాన్ని.

నా స్నేహితురాలి మాషి, అంటే వాళ్ళ పిన్ని, ఇంటి ముందుగదిలో పార్లరు పెట్టింది. అక్కడ పాత బెంగాలీ పత్రికలు గుట్టగా ఉండేవి. చదువుకోడానికని ఇంట్లో చెప్పి శనివారం మధ్యాహ్నాలు వెళ్ళేదాన్ని. కొన్నాళ్ళకి మాషి నా చేతికి అద్దం ఇచ్చి పట్టుకోమంది. ఇంకొన్నాళ్ళకి కళ్ళకి గీసే లైనరు సీసా ఇచ్చింది. పెళ్ళిళ్ళ రోజుల్లో వరసగా ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుంటే, వాళ్ళ రెప్పల మీద నా చెయ్యి తడబడేది కాదు. మూసిన కళ్ళ ముందు నాకు సిగ్గు ఉండదని అక్కడే తెలిసింది.

"ముందు కన్ను చూడు, తర్వాత కుంచె తియ్యి," అనేది మాషి. బాదం గింజలా ఉన్న కన్నుకి ఎలా గీసినా చెల్లుతుంది, అందులో మన గొప్పేం లేదు. గుండ్రటి కన్ను చుట్టూ గీత తిప్పితే మనిషి ఉలిక్కిపడ్డట్టు ఉంటుంది. ముక్కు వైపు వదిలేసి, సగం నుంచి మొదలుపెట్టి చెవి వైపు లాగాలి. చిన్న కన్నుకి కింది రెప్ప లోపల నల్లగా నింపకూడదు, నింపితే ఉన్న కాస్తా మూసుకుపోతుంది. పై రెప్ప మీద సన్నగా మొదలుపెట్టి నడిమధ్యన కొంచెం లావు చెయ్యాలి. రెప్ప మడత కిందికి వాలి గీతని మింగేసే కళ్ళుంటాయి. వాళ్ళని కళ్ళు తెరిచి ఎదురుగా చూడమని, అప్పుడు చుక్కలు పెట్టుకుని, ఆ చుక్కలు కలపాలి. ఇక కొసలు కిందికి దిగిన కళ్ళు. వాటితోనే జాగ్రత్త అనేది మాషి. ఆ కంటి కొస ఎటు పోతే గీత అటు పోకూడదు. ఆవగింజ దూరం ముందే ఆపి, పైకి లేపెయ్యాలి. కొసదాకా పోనిచ్చావో, నవ్వుతున్న మనిషి కూడా ఏడ్చి లేచినట్టు కనపడుతుంది.

ఇవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. పక్కన గుళ్ళో నాకు కనపడే కళ్ళన్నీ బొమ్మలు గీసి, ఎవరికి ఏ గీత నప్పుతుందో రాసేదాన్ని. గుడి కోశాధికారిగారి భార్యవి గుడ్లగూబ కళ్ళని రాశాను. నావి కోడిపిల్ల కళ్ళని రాశాను. అప్పవి కొసలు దిగిన కళ్ళు, ఆపి పైకి లేపితే ఎంత బాగుంటాయో అని రాశాను. అన్నీ తెలుగులోనే. స్నేహితురాళ్ళు బెంగాలీలు, కాలనీలో నా ఈడు తెలుగుపిల్లలకి ఇంట్లో మాట్లాడ్డమే గాని చదవడం రాదు. తెలుగులో రాస్తే తాళం వేసినట్టే అనుకున్నాను. మా ఈడువాళ్ళలో తాళంచెవి ఉన్న ఒక్క మనిషి కుళాయి అవతలే ఉందని నాకు తోచలేదు.

క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మా ఇంట్లో పెట్టారు. నేను వంటింట్లో టీ పోస్తున్నాను. ముందు గదిలోంచి నా మాటలే అప్ప గొంతులో వినపడ్డాయి. నా పుస్తకాల మధ్య ఉన్న డైరీ ఆమె చేతికి దొరికింది. పాట నేర్పేటప్పుడు చదివినట్టు, విడగొట్టి, గట్టిగా చదువుతోంది. గుడ్లగూబ కళ్ళ దగ్గర అందరూ పడీపడీ నవ్వారు. తర్వాత "నావి కోడిపిల్ల కళ్ళు" అని చదివి ఆగింది.

"ఒలే కోడిపిల్లా, ఇటు రా. నోట్లో నాలుక లేదనుకున్నాం. అంతా కలంలో దాసేవేటి?"

నేను ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. "ఇచ్చెయ్యి అప్పా," అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఆమె పేజీ తిప్పి పార్లరు సంగతి చదివింది. శనివారాలు, సీసా, కుంచె, అన్నీ. అమ్మ పెరట్లోంచి వచ్చి గోడకి ఆనుకుని వింటోంది. తన కళ్ళ గురించి రాసిన పేజీ మాత్రం అప్ప పైకి చదవలేదు. కళ్ళతో చదువుకుని తిప్పేసింది. అది నేను చూశాను.

ఆ శనివారం నుంచి మాషి ఇంటికి వెళ్ళడం బందయింది. కోశాధికారిగారి భార్య అమ్మని పలకరించడం మానేసింది. గుళ్ళో చిన్నపిల్లలు కూడా నన్ను చూసి కియ్ కియ్ అనేవాళ్ళు. నాకు ఈ ఊళ్ళో నోరు విప్పగలిగిన చోటు ఒక్కటే ఉండేది, అది పోయింది. నేను ఏడవలేదు. డైరీ రాయడం ఆపేసి, రఫ్ నోటుబుక్కు వెనక అట్ట మీద అప్ప కళ్ళు గీయడం మొదలుపెట్టాను. కొసదాకా పోనిచ్చిన గీతతో గీసేదాన్ని, చూసుకునేదాన్ని, చెరిపేసేదాన్ని. ఎప్పుడు, ఎలా అన్నది తెలియదు. చేతికి మాత్రం తెలిసిపోయింది.

మరుసటి ఏడు వేసవిలో అప్పకి ఖరగ్‌పూర్ సంబంధం కుదిరింది. పెళ్ళికి వారం ఉందనగా కుళాయి దగ్గర నా బిందె పక్కకి జరిపి నిలబడింది.

"ఒలే, నీ కాడ ఆ సీసా ఉందా, పారేసేవా?"

"ఉంది."

"వీడియో తీస్తన్నారు. ఆ లైట్లకి నా మొకం తెల్లగా సున్నం కొట్టినట్టు అయిపోద్దంట. పార్లరుకెల్తే పాస్టరమ్మగారికి తెలిసిపోద్ది. నువ్వు సన్నంగా గీసీ. కనపడీ కనపడనట్టు."

"సరే అప్పా."

"ఎవులికీ సెప్పకు."

"నేనెవరికి చెప్తాను," అన్నాను.

ఆమె నవ్వింది. "అదీ నిజమే. నీకు నోరెక్కడిది."

పెళ్ళినాడు పొద్దున్న గుడి వెనక గదిలో అప్ప తెల్ల చీరలో కుర్చీ మీద కూర్చుంది. తోడి పెళ్ళికూతుర్ని నేనే అన్న వంకతో తలుపు గడియ వేశాను. కరెంటు పోయింది, కిటికీ వెలుతురే. కళ్ళు మూసుకోమన్నాను. మూసుకుంది. నన్ను నమ్మి రెప్పలు వదిలేసి, మెడ వెనక్కి వాల్చింది. అంత దగ్గరగా ఆమె ముఖం ఎప్పుడూ చూడలేదు. జాలి కలుగుతుందేమో అని కొంచెం ఆగాను. కియ్ కియ్ గుర్తొచ్చింది. గీత మొదలుపెట్టాను.

చాలా నేర్పుగా గీశాను, అది చెప్పాలి. వెంట్రుకల మొదళ్ళ వెంట సన్నగా, కాటుక అని ఎవరూ అనలేనంత సన్నగా. ఆవగింజ దూరంలో ఆపలేదు. కంటి కొసతో పాటే కిందికి తీసుకెళ్ళి దించాను. కింది రెప్ప కొసన ఒక చుక్క పెట్టి చిటికెన వేలితో మసక చేశాను. నీడలా అయింది. రాత్రంతా ఏడ్చిన మనిషికి పొద్దున్న ఉండే నీడ.

చేతి అద్దంలో చూసుకుని, "ఏటిది, నీరసంగా ఉన్నట్టున్నాను?" అంది.

"కిటికీ వెలుతురుకి అలా ఉంటుంది. లైట్లు పడితే సర్దుకుంటుంది."

గంట కొట్టారు. ముఖం కనపడేలా తల మీద ముసుగు వేశాను.

బయట జనరేటరు పెట్టారు. వీడియో లైటు నేరుగా ఆమె ముఖం మీదే. మొదటి పాట సగంలో ఉండగా పెళ్ళికొడుకు తల్లి బెంచీలోంచి లేచింది. ఆవిడ లావుగా, నెమ్మదిగా ఉండే మనిషి. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ముందు వరసకి వినపడేలా అంది.

"అయ్యగారూ, ఒక్క నిమిషం. పిల్ల కళ్ళు సూడండి. ఏడిసి ఏడిసి ఉంది. ఇష్టం లేని పిల్లని మేం తీసుకెల్లం."

పాట ఆగలేదు గాని గొంతులు తగ్గాయి. పాస్టరుగారు అప్పనీ, పెద్దమ్మనీ, పాస్టరమ్మగారినీ, పెళ్ళికొడుకు తల్లినీ వెనక గదిలోకి రమ్మన్నారు. ముసుగు అంచు నా చేతిలో ఉంది కాబట్టి నేనూ వెళ్ళాను.

"అమ్మా, ఏడ్చావా?"

"లేదండి."

"మరి కళ్ళేంటమ్మా అలా ఉన్నాయి?"

అప్ప పాస్టరమ్మగారి వైపు చూసింది. కాటుక అని చెప్పాలంటే పాస్టరమ్మగారి ముందు, తెల్ల చీరలో, గుళ్ళో నిలబడి చెప్పాలి. చెప్పకపోతే ఏడ్చినట్టే. ఎప్పుడూ మాటకి తడుముకోని మనిషి తడుముకుంటూ ఉంటే చూడ్డానికి నాకు కడుపు నిండినట్టయింది.

పాస్టరమ్మగారు నా వైపు తిరిగారు. "పొద్దుట్నుంచీ దీని పక్కన నువ్వే కదమ్మా ఉన్నావు. ఏడ్చిందా?"

లైనరు సీసా నా చేతిరుమాల్లో ఉంది. లేదండి అంటే చాలు. గీత నాది అంటే ఇంకా చాలు. అప్ప నన్నే చూస్తోంది, అడుగుతున్నట్టు. పెళ్ళి ఆగిపోవచ్చని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. నేను తల దించుకున్నాను. నోట్లో నాలుక లేని పిల్లని కదా. అలాంటి పిల్ల తల దించుకుంటే ఏమనుకుంటారో అదే అనుకున్నారు.

అప్పుడు అప్పే మాట్లాడింది. గట్టిగానే. "నాకు ఇష్టమేనండి. ఎవులూ బలవంతం సెయ్యలేదు." పాస్టరుగారు మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ చెప్పింది. పెళ్ళికొడుకు తల్లి బయటికి వచ్చి, అదే మాట అందరి ముందూ చెప్పమంది. లైటు వెలుగులో, అన్ని బెంచీలూ వింటుండగా, తనకి ఈ పెళ్ళి ఇష్టమని ఆమె బతిమాలుతున్నట్టు చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఇంకా బాగుండేది అనుకున్నాను.

పెళ్ళి అయిపోయింది. నేను ఆపాలనుకోలేదు కూడా. నాకు కావలసింది ఆమెని నలుగురిలో నిలబెట్టడం, నన్ను గుమ్మంలో ట్రేతో నిలబెట్టినట్టు. వీడియో కేసెట్టు వచ్చాక పెదనాన్న ఇంట్లో కాలనీ అంతా కూర్చుని చూశారు. అప్ప నవ్వడానికి ఎంత ప్రయత్నిస్తే కళ్ళు అంత కిందికి దిగాయి. ఆ కేసెట్టు నేను ఇంటికి అడిగి తెచ్చుకుని మళ్ళీ చూశాను. ఖరగ్‌పూర్‌లో ఏ చిన్న తగువు వచ్చినా "ఏడుసుకుంటా మా ఇంటికొచ్చింది" అని అత్తగారు ఎత్తిపొడుస్తుందని పెద్దమ్మ అమ్మతో చెప్పుకునేది. నేను పక్కన బియ్యం ఏరుతూ వినేదాన్ని. ఆ సాయంత్రాలు నాకు అన్నం బాగా సహించేది.

తర్వాత పాస్టరుగారు మారారు. కొత్త పాస్టరమ్మగారే సన్నగా కాటుక పెట్టుకుని వచ్చారు, ఎవరూ ఏమీ అనలేదు. నేను ఉద్యోగంలో చేరాను, మళ్ళీ మాషి దగ్గరికి వెళ్తున్నాను, రోజూ కళ్ళకి గీసుకుంటున్నాను. పెదనాన్న రిటైరయి క్వార్టరు ఖాళీ చేసి విజయనగరం వెళ్ళిపోయే రోజున సామాను సర్దడానికి అప్ప వచ్చింది. ఇక ఆమె లిలువా రావలసిన పని లేదు.

రిక్షాలో చివరి ట్రంకు పెట్టాక కుళాయి దగ్గరికి వచ్చి నా గడ్డం పట్టుకుని ఎత్తి చూసింది. "బాగా గీసుకున్నావు. కోడిపిల్ల కళ్ళు కావిప్పుడు."

అప్పుడు ఆమె కళ్ళు చూశాను. గీత ఆవగింజ దూరం ముందే ఆగి, పైకి లేచి ఉంది. చాలా బాగుంది.

"నీకెవరు నేర్పారప్పా?"

"నువ్వే. నీ డైరీలో ఉంది కదేటి. ఆ పేజీ ఒక్కటీ నేను పైకి సదవలేదు. పెళ్ళయ్యాక గుర్తొచ్చింది." ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. "పెళ్ళినాటి సంగతి రాసుకున్నావా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె నమ్మలేదు. రిక్షా ఎక్కి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నా వైపు చూడకుండా అంది.

"రాసుకో. ఈసారి నేను సదవను."