వెనక్కి విసిరిన రాళ్ళు

మా చేలల్లో తొలకరి పడిందంటే మనుషులు ఆకాశం వైపు చూడరు. తలలు వంచుకుని నేల వైపే చూస్తూ నడుస్తారు. అనంతపురం నుంచి, బళ్ళారి నుంచి, బద్వేలు నుంచి వచ్చి చెట్ల కింద వండుకుని, పొద్దస్తమానం ఎర్రమట్టిలో వజ్రాల కోసం వెతుకుతారు. వాన కడిగిన మట్టిలో ప్రతి రాయీ మెరుస్తుంది. పత్తికొండ రోడ్డు పక్కనే నా టీ అంగడి. పదిహేడేళ్ళుగా వాళ్ళకు టీ పోస్తున్నాను. గ్లాసు చేతిలో పెట్టినా నా మొహం చూడరు. అందరూ మేలుకునే ఉండి కల కంటుంటారు.

నా అంగడి ముందు బండ మీద కూర్చునే మారెన్న మామ సంగతి చెప్పాలి. డెబ్బై ఏళ్ళ మనిషి. చిన్నప్పటి నుంచీ గొర్రెలు తోలుకుంటూ ఈ చేలన్నీ తిరిగినవాడు. రాయి దొరికినవాళ్ళు ముందు ఆయన దగ్గరికే వస్తారు. నాలుక మీద పెట్టుకుని చల్లదనం చూస్తాడు. ఊపిరి ఊది ఆవిరి ఎంతసేపు నిలిచిందో చూస్తాడు. చివరికి ఎండకు పట్టి ఒక కన్ను మూస్తాడు. "పలుగు" అంటాడు. అంటే ఎందుకూ కొరగాని తెల్లరాయి. నూటికి తొంభైతొమ్మిది పలుగే. పైసా తీసుకోడు, నా దగ్గర టీ మాత్రం ఊరికే తాగుతాడు, అదీ చక్కెర రెండింతలు వేయించుకుని.

పలుగని తేలిన రాయిని అక్కడికక్కడే భుజం మీదుగా విసిరేయాలి, ఎక్కడ పడిందో చూడకూడదు. ఇంటికి తీసుకుపోతే మనిషిని కుదురుగా బతకనివ్వదని మా నమ్మకం. అలా విసిరినవన్నీ నా అంగడి వెనక బీడులోనే పడ్డాయి, నా అంగడి రాకముందు నుంచీ, ముప్పై ఏళ్ళ రాళ్ళు.

నేనూ విసిరినదాన్నే. మా ఆయన చనిపోయిన ఏడాది, కూలికి పోయిన చేలో నాకొక రాయి దొరికింది. చింతగింజంత, లేత నీలం. దాన్ని పిడికిట్లో పెట్టుకుని మారెన్న మామ దగ్గరికి నడిచిన రెండు మైళ్ళలో నేను మిద్దె కట్టేశాను, ఆపేసిన నర్సు చదువు పూర్తిచేశాను, రైలెక్కి వెళ్ళి సముద్రం కూడా చూసొచ్చాను. "పలుగు, పాపా" అన్నాడు. విసిరేశాను. మరుసటి వారమే ఈ అంగడి పెట్టాను. మళ్ళీ ఆ రాయి ఊసెత్తలేదు. మారెన్న మామ చెప్పాడంటే చెప్పినట్టే.

ఈ ఏడు మృగశిర వానకు ఆయనకే ఒకటి దొరికింది. తడిసి ముద్దై వచ్చాడు, పిడికిలి బిగించుకుని.

"యశోదా, ఇది పలుగు గాదు మే. వజ్రం!"

గంటలోపల బైకుల మీద వ్యాపారులు దిగారు. ఆయన చెయ్యి విప్పితే ఒట్టు.

"నాకు దుడ్లొద్దు" అన్నాడు నాతో. "కాగితం కావాల. మారెన్న కన్ను నిజమైందని అచ్చేసిన కాగితం."

మా తమ్ముడు ఉమామహేశ్‌కు కర్నూలులో ఉద్యోగం. వాడే దాన్ని హైదరాబాదు తీసుకుపోయి పేరున్న ల్యాబులో ఇచ్చాడు. ఆ పన్నెండు రోజులూ మామ ఈ లోకంలో లేడు. టీ చల్లారిపోయేది. వాన తుంపరలో చేల వైపు చూస్తూ, నేలంతా అద్దమై, లోపలి రాళ్ళన్నీ పైకి కనిపిస్తున్నట్టుందని చెప్పేవాడు. వింటూ వింటూ నేనూ పొయ్యి మీది పాలు మరిచిపోయి పొంగబెట్టేదాన్ని.

ల్యాబు నుంచి కార్డు వచ్చింది. బ్యాంకు కార్డంత, మీద రాయి ఫొటో. తమ్ముడు రాయిని మామ చేతిలో పెట్టి, కార్డు చదివాడు.

"స్ఫటికం అని ఉండాది, మామా. అంటే... పలుగు."

"ఇది నా రాయి గాదు. ఎవరో మార్చినారు."

నాకు ఒళ్ళు మండింది. "ఏం మామా, మా తమ్ముణ్ణి దొంగంటాండావా? నోరు జాగ్రత్త!"

ఆయన రాయిని నోట్లో వేసుకున్నాడు. ఒక అంచున చిన్న పెచ్చు ఊడి ఉంటుంది, దాన్ని నాలుకతో తడుముకున్నాడు.

"నాదే" అన్నాడు. "అయితే మిషనే తప్పు చెప్పింటాది. ఇంగోతాన చూపియ్యి నాయనా."

తమ్ముడు ఓపిక గలవాడు, ఇంకోచోట చూపించాడు. అక్కడా అదే మాట.

ఆ తర్వాత మామ బండ మీద కూర్చోవడం మానేశాడు. రాళ్ళు పట్టుకుని వచ్చినవాళ్ళు ఎదురుచూసి ఉసూరుమంటూ పోయేవాళ్ళు. మామ ఎక్కడున్నాడా అని చూస్తే వెనక బీడులో, మిట్టమధ్యాహ్నం, మోకాళ్ళ మీద కూర్చుని మట్టి గీరుతున్నాడు. పక్కన డబ్బాలో ఏరిన పలుగురాళ్ళు.

"ఏం చేస్తాండావు మామా? ఎండకు పడి సస్తావు!"

"ఈ కన్ను ఇప్పుడే చెడిందో, ఎప్పుడో చెడిందో నాకెట్ల తెలుస్తాది పాపా? ఎంతమందితో ఇసిరేపిచ్చినా! నీ నీలం రాయి కోసం ఎతుకుతాండా. అది వజ్రమైంటే? నీ బతుకు నేను బీట్లో పారేపిచ్చినట్టు గదా."

అంగడిలోకి పోయి నీళ్ళ చెంబు తెచ్చి ఆయన పక్కన పెట్టాను.

తొమ్మిది రోజులు వెతికాడు. తిండి మానేశాడు. వేళ్ళ చివర్లు చిట్లిపోయాయి. పదోనాడు బీడులోనే సొమ్మసిల్లి పడితే నేనే లేపి, నీళ్ళు చల్లి, బండ దగ్గరికి నడిపించాను. స్పృహ వచ్చాక మొదటి మాట, "ఆ మూల ఇంగా సూడలే."

ఇక ఆగలేకపోయాను.

"మామా, నా రాయి ఆడ లేదు. ఆ పొద్దు నేను ఇసిరింది దారిలో ఏరుకున్న గులకరాయి. నీ మాట నమ్మలే నేను. నీలంది కొంగున ముడేసుకుని కర్నూలుకు పోయినా. ఆడ సేటు అద్దం పెట్టి చూసి పలుగనే అన్యాడు."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఎండకు పట్టిన రాయిని చూసినట్టే, ఒక కన్ను మూసి. నేను కదలలేదు.

"నన్ను నమ్మలేదా?"

"నమ్మలే."

"ఇన్నేండ్లూ చెప్పలేదే, దొంగముండా!"

తిట్టి, నవ్వి, మళ్ళీ కండువాతో మొహం కప్పుకుని ఏడ్చాడు. "మంచి పని చేసినావు మే" అన్నాడు. "అయితే కన్ను ఈ మధ్యనే ముసిల్దయిండాది, అంతే." ఆ రోజు రెండు టీలు తాగాడు. ఇప్పుడు ఎవరు రాయి తెచ్చినా, "నాకు చూపు ఆనదు నాయనా, కర్నూలు పోండి" అని పంపేసి, హాయిగా బండ మీద కునుకు తీస్తున్నాడు.

నేను కర్నూలు పోలేదు. ఏ సేటుకూ చూపించలేదు. ఆయన మాట మీద విసిరేశాను, ఎక్కడ పడిందో కూడా చూడలేదు.

మొన్న వాన వెలిశాక టీ పొట్టు పారబోయడానికి వెనక్కి వెళ్ళాను. బీడంతా మెరుస్తోంది. ముందు నుంచి ఎవరో "అక్కా, రెండు టీ" అని కేకేశారు. వస్తున్నానన్నాను. అని, నేల మీదికి వంగాను.